‘తూ’ ఉన్నచోట హెరూందియో: స్పానిష్ సందేహాలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. జరుగుతున్న పనిని చెప్పే క్రియారూపం, స్పానిష్ వాళ్ళు హెరూందియో అనేది. అందుకని తక్కిన ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాను. ఎప్పటిలాగే స్పానిష్ మాటలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో చూడగానే మన నాలుక ఇంగ్లీషు దారి పడుతుంది. స్పానిష్ త, ద లు పళ్ళకు తగిలే మన త, ద లే తప్ప ట, డ లు కావు. అలాగే ఆ భాషలో వ, బ అని రాసే రెండక్షరాలకూ ధ్వని ఒకటే కాబట్టి రెంటికీ బ వాడతాను.

ప్రశ్న: స్పెయిన్ నుంచి వచ్చే అతిథులకు దుబాసీగా పనిచేయాలని స్పానిష్ నేర్చుకుంటున్నాను. ఇంగ్లీషులో ‘ఇంగ్’ వచ్చిన ప్రతిచోటా ‘ఆందో’, ‘ఇయెందో’ చేర్చాలని ఒక పుస్తకంలో చదివాను. అలా రాస్తే మా టీచరు సగానికి పైగా కొట్టేస్తున్నారు. ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు?
*ఒక పాఠకురాలు, అనంతపురం*

జవాబు: ఆ పుస్తకాన్ని అటక మీద పెట్టండి. మీ టీచరు కొట్టేసింది న్యాయమే.

ముందు రూపం చూద్దాం, అది తేలిక. ‘ఆర్’తో ముగిసే క్రియలకు ‘ఆందో’, ‘ఎర్’, ‘ఇర్’లతో ముగిసేవాటికి ‘ఇయెందో’. అబ్లార్ (మాట్లాడు) అబ్లాందో అవుతుంది, కోమేర్ (తిను) కోమియెందో, బీబీర్ (నివసించు) బీబియెందో. దీని ముందు ఎస్తార్ అనే క్రియను కర్తకు తగినట్టు మార్చి పెడితే జరుగుతున్న పని వచ్చేస్తుంది. ఎస్తోయ్ కోమియెందో, తింటున్నాను. ఎస్తా కోమియెందో, తింటోంది లేదా తింటున్నాడు. మనకు క్రియలో ఆడ, మగ తేడా ఉంది, వాళ్ళకు ఇక్కడ లేదు. ఒక బరువు తగ్గింది.

ఇక వాడుక. బడిలో శత్రర్థకం, క్త్వార్థకం అని వల్లె వేయించారు కదా, పరీక్ష అయ్యాక మరిచిపోయేది? దాన్ని మళ్ళీ బయటికి తీయండి. ‘పాడుతూ’, ‘తింటూ’, ‘నవ్వుతూ’ లాంటి రూపం శత్రర్థకం, ‘పాడి’, ‘తిని’, ‘నవ్వి’ లాంటిది క్త్వార్థకం. హెరూందియో దాదాపు శత్రర్థకమే. ‘పాడుతూ లోపలికి వచ్చింది’ అనాలంటే ఎంత్రో కాంతాందో. ‘తూ’ స్థానంలో ‘ఆందో’ కూర్చుంది, వాక్యం తయారైంది. ‘తింటున్నాను’ అనేదీ ‘తింటూ ఉన్నాను’ నుంచి వచ్చిందే కాబట్టి ఎస్తోయ్ కోమియెందో కూడా మన పద్ధతిలోనే ఉన్నట్టు.

ఇంగ్లీషు ‘ఇంగ్’ మాత్రం అనేక వేషాలు వేస్తుంది. ‘ఈదడం ఒంటికి మంచిది’ అనే చోట కూడా ఇంగ్లీషు అదే రూపాన్ని వాడుతుంది. మీరు దాన్ని చూసి నదాందో అని మొదలుపెట్టి ఉంటారు. స్పానిష్‌లో అక్కడ నదార్ అనే మూలరూపమే ఉండాలి. తెలుగులో అడిగి చూసుకోండి: ‘ఈదుతూ ఒంటికి మంచిది’ అంటామా? ‘డం’ వస్తే మూలరూపం, ‘తూ’ వస్తే హెరూందియో. ‘తినే ముందు’ అంటే ఆంతెస్ దే కోమేర్, ‘తినకుండా’ అంటే సిన్ కోమేర్. వీటిలోనూ తెలుగు ‘తూ’ రాదు, స్పానిష్ ‘ఆందో’, ‘ఇయెందో’ రావు, ఇంగ్లీషు ‘ఇంగ్’ మాత్రం వస్తుంది.

కూర్చోవడం, నిలబడడం, పడుకోవడం దగ్గర తెలుగు మరీ ఆదుకుంటుంది. ‘ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు’ అంటే ఎస్తా సెంతాదో. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు దీన్ని హెరూందియోలో పెడతారు. అప్పుడు ఆయన ఇంకా కుర్చీలోకి దిగుతూ గాలిలోనే ఉన్నట్టు అర్థం వస్తుంది. కూర్చుంటున్నాడు వేరు, కూర్చుని ఉన్నాడు వేరు అని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ‘ఆమె ఎర్రచీర కట్టుకుని ఉంది’ అనడానికి యేబా ఉన్ సారి రోహో అంటే చాలు, అక్కడా హెరూందియో వద్దు.

అయితే తెలుగు మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి, మీకు ముఖ్యంగా పనికొచ్చేవి అవే. బార్సెలోనాలో పుట్టిన ఫాదర్ ఫెర్రర్ 1969లో మీ ఊరు వచ్చి, 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయారు. ఆయన పెట్టిన సేవాసంస్థ ద్వారా మీ జిల్లా పిల్లల ఉత్తరాలు స్పెయిన్‌లోని దాతల ఇళ్ళకు వెళ్తూనే ఉన్నాయి. రేపు మీరూ అలాంటి ఉత్తరాలు అనువదిస్తారు. తెలుగు ఉత్తరంలో మర్యాదంతా ‘తున్నాను’ మీదే నడుస్తుంది. ధన్యవాదాలు తెలుపుకుంటున్నాను, ఆహ్వానిస్తున్నాను, మాట ఇస్తున్నాను. వీటిని ఉన్నదున్నట్టు హెరూందియోలోకి దింపకండి. అనడమే చేయడం అయ్యే మాటలివి. స్పానిష్‌లో వీటికి మామూలు వర్తమానం ఉంది: లే అగ్రదేస్కో, తే ఇంబీతో, తే ప్రొమేతో. ‘తే ఎస్తోయ్ ఇంబితాందో’ అని రాస్తే చదివేవారికి అర్థమవుతుంది, కానీ పిలుపు ఇంకా పూర్తికాలేదేమో, మధ్యలో ఎవరైనా ఆపారేమో అనిపిస్తుంది.

పరిచయ వాక్యాలదీ ఇదే సంగతి. ‘అనంతపురంలో ఉంటున్నాను, ఆసుపత్రిలో పనిచేస్తున్నాను’ అనేది మనకు స్థిరమైన సమాచారం. ఎస్తోయ్ బీబియెందో, ఎస్తోయ్ త్రబహాందో అంటే స్పానిష్ చెవికి ‘ప్రస్తుతానికి’ అన్న నీడ పడుతుంది, ఎక్కడికో మకాం మార్చబోతున్నట్టు. బీబో, త్రబాహో అనండి. తాత్కాలికమని చెప్పదలచినప్పుడే హెరూందియో తీయండి. ‘ఈ మధ్య మాంసం తినడం లేదు’ అంటే నో ఎస్తోయ్ కోమియెందో కార్నె, ‘నేను మాంసం తినను’ అంటే నో కోమో కార్నె. మొదటిదానికి బదులు రెండోది అన్నారంటే మీకు శాకాహారి పట్టం కట్టేస్తారు, తర్వాత వివరించుకోవడం కష్టం.

ప్రశ్న: ఇక్కడ నాతో పనిచేసేవారిలో మెక్సికో వాళ్ళు ఎక్కువ. ఎవరైనా పిలిస్తే ‘ఎస్తోయ్ బినియెందో’ అంటాను, అంతా నవ్వుతారు. ‘రేపు డాలస్ వెళ్తున్నాను’ అని ఎస్తోయ్ పెట్టి చెప్పినా ముఖాలు చూసుకుంటారు.
*ఒక పాఠకుడు, హ్యూస్టన్*

జవాబు: రెండు నవ్వులకూ రెండు కారణాలు.

పిలిస్తే మనం ‘వస్తున్నా’ అంటాం. పిలిచినవాడి దగ్గర నిలబడి మనల్ని మనం చూసుకున్నట్టు. స్పానిష్ మాట్లాడేవారు తామున్న చోటునుంచే లెక్క వేస్తారు, కాబట్టి ‘వెళ్తున్నా’ అంటారు: యా బోయ్. తలుపు తట్టినా, వంటింట్లోంచి కేక వేసినా అదే జవాబు. పైగా రాకపోకల క్రియలు ఎస్తార్ పక్కన అంత తేలిగ్గా చేరవు. యెందో, బినియెందో అనే రూపాలు ఉన్నాయి గానీ, ఇప్పుడే బయలుదేరానని చెప్పడానికి బోయ్ చాలు. మీ మెక్సికో మిత్రులు దానికి ‘అయొరీతా’ అని కూడా తగిలిస్తారు. దానికి ‘ఇప్పుడే’ అని నిఘంటువు అర్థం చెబుతుంది. నమ్మకండి, కాసేపట్లో అని కావచ్చు, సాయంత్రానికి కావచ్చు.

రెండోది: తెలుగు, ఇంగ్లీషు రెండూ రేపటి పనిని కూడా జరుగుతున్నట్టే చెబుతాయి. ‘రేపు వెళ్తున్నాను’, ‘వచ్చే వారం పెళ్ళి చేస్తున్నాం’. స్పానిష్ హెరూందియో రేపటి జోలికి పోదు. సాల్గో మన్యానా అనో, బోయ్ ఆ సలీర్ మన్యానా అనో అనాలి. మీరు అన్నది వాళ్ళకు, ఈ నిమిషాన గుమ్మం దాటుతూ దాన్ని రేపు అంటున్నట్టు వినిపించింది.

ప్రశ్న: సక్రమంగా లేని హెరూందియోల జాబితా ఇస్తే బట్టీ పడతాను.
*ఇంటర్ విద్యార్థి, గుంటూరు*

జవాబు: జాబితా ఇవ్వను. ‘ఇర్’ క్రియల్లో వర్తమానంలో అచ్చు మారేవి ఇక్కడా మారతాయి: దోర్మీర్ దుర్మియెందో, పెదీర్ పిదియెందో, దెసీర్ దిసియెందో. ‘ఆర్’, ‘ఎర్’ క్రియలు వర్తమానంలో ఎన్ని వంకరలు పోయినా ఇక్కడ బుద్ధిగా ఉంటాయి: పెన్సాందో, బోల్బియెందో. (పొదేర్ ఒక్కటి పుదియెందో అయి అల్లరి చేస్తుంది.) ధాతువు అచ్చుతో ముగిస్తే మధ్యలో యకారం వస్తుంది: లేయెందో, ఓయెందో, త్రయెందో. రెండచ్చుల మధ్య యడాగమం మనకు కొత్తా?

ప్రశ్న: ‘దాన్ని చేస్తున్నాను’ అన్నప్పుడు ‘దాన్ని’ ఎక్కడ పెట్టాలి?
*ఒక పాఠకుడు, విశాఖపట్నం*

జవాబు: ముందు పెట్టవచ్చు: లో ఎస్తోయ్ ఆసియెందో. వెనక అతికించవచ్చు: ఎస్తోయ్ ఆసియెందోలో. రెండింటికీ అర్థం ఒకటే. నడుమ దూర్చడం మాత్రం కుదరదు. వెనక అతికిస్తే మాట పొడవైనా ఊనిక పాత చోటే ఉండాలి, అందుకే రాతలో ‘యె’ అచ్చు మీద గీత గీస్తారు. పరీక్షలో ఆ గీత మరిచిపోయి మార్కులు పోగొట్టుకునేవారు చాలామంది.

ప్రశ్న: ఎస్తార్ కాకుండా వేరే క్రియలతో కూడా హెరూందియో వస్తుందట. ఏ2 అనే ప్రాథమిక స్థాయి పరీక్షకు వెళ్ళబోతున్నాను. అవన్నీ నేర్చుకోవాలా, వదిలేయవచ్చా?
*ఒక పాఠకురాలు, హైదరాబాదు*

జవాబు: వదిలేస్తే మీదే నష్టం. స్పానిష్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. తరగతిలో దీన్ని చెప్పే రోజు నేను నల్లబల్ల మీద ఇంగ్లీషు ముక్క ఒక్కటి కూడా రాయనిచ్చేదాన్ని కాదు. ఎందుకో చూడండి.

‘ఇంకా వాన కురుస్తూనే ఉంది’: సీగె యోబియెందో. సెగీర్ అంటే వెంట నడవడం, కొనసాగడం. మన ‘తూనే’లోని పట్టుదల అంతా అందులో ఉంది.

‘ధరలు పెరుగుతూ వస్తున్నాయి’ అన్నప్పుడు రావడం అనే క్రియ ఎందుకు వచ్చిందని ఎప్పుడైనా ఆలోచించారా? స్పానిష్ కూడా అక్కడ రావడాన్నే వాడుతుంది: బియెనెన్ సుబియెందో. గతం నుంచి ఇప్పటిదాకా. ‘ఎన్నాళ్ళనుంచో చెబుతూ వస్తున్నాను’ అంటే బెంగో దిసియెందో. ‘పెరుగుతూ పోతున్నాయి’ అంటే వెళ్ళడం అనే క్రియతో బాన్ సుబియెందో, అంటే కొంచెం కొంచెంగా ముందుకు. వాళ్ళ రాకా, వెళ్ళడమూ మన రాకా పోకల దారినే నడిచాయి.

‘నా గురించి ఏదో చెప్పుకుంటూ తిరుగుతున్నాడు’: ఆందా దిసియెందో. అందార్ అంటే నడవడం, తిరగడం. మన వాక్యంలో ఉన్న చిన్న ఈసడింపు ఆ వాక్యంలోనూ ఉంటుంది. కాబట్టి మీ పరీక్షాధికారి గురించి అది వాడకండి. ‘చూస్తూ ఉండిపోయింది’: సె కెదో మిరాందో. కెదార్సె అంటే ఉండిపోవడమే. దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చి అక్కడినుంచి స్పానిష్‌కు మోసుకెళ్ళేవారు ఆ ‘ఉండిపోవడం’ దారిలోనే పారేసుకుంటారు.

పరీక్షకు తప్పనిసరిగా ఒకటి కంఠస్థం చేసుకోండి: యేబార్. ‘మూడేళ్ళుగా మద్రీద్‌లో ఉంటున్నాను’ అంటే యేబో త్రేస్ ఆన్యోస్ బీబియెందో ఎన్ మద్రీద్. యేబార్ అంటే మోయడం, మూడేళ్ళను వెంట మోసుకుంటూ ఉన్నానన్నమాట. ఇంగ్లీషు ఇక్కడ పూర్ణ వర్తమానం కావాలని పట్టుబడుతుంది. తెలుగు, స్పానిష్ రెండూ మామూలు వర్తమానంతో సరిపెట్టుకుంటాయి. వ్యతిరేకం చెప్పాలంటే మళ్ళీ మన ‘కుండా’ వచ్చేస్తుంది: యేబో దోస్ దియాస్ సిన్ దోర్మీర్, రెండు రోజులుగా నిద్రపోకుండా ఉన్నాను. పరీక్ష ముందు ఆ వాక్యం ఎలాగూ పనికొస్తుంది.

భూతకాలం గురించి ఒక్క ముక్క. ‘నువ్వు ఫోను చేసినప్పుడు తింటున్నాను’ అంటే ఎస్తాబా కోమియెందో, అప్పటికి పని నడుస్తోంది. ‘రెండు గంటలు ఎదురుచూస్తూ కూర్చున్నాను’ అంటే ఎస్తూబె ఎస్పెరాందో, ఆ రెండు గంటలూ అయిపోయాయి, లెక్క తేలింది.

ప్రశ్న: స్పానిష్ చిత్రాల పేర్లలో హెరూందియో నామవాచకాన్ని వర్ణిస్తున్నట్టు కనిపిస్తోంది. అలా వాడటం తప్పని చదివాను. చిత్రకారులకు మినహాయింపా?
*ఒక చిత్రకళాభిమాని, విజయవాడ*

జవాబు: మంచి చోట పట్టుకున్నారు. ‘పుస్తకాలున్న పెట్టె’ అనడానికి ‘కాహా కోంతెనియెందో లీబ్రోస్’ అని వ్యాపార ఉత్తరాల్లో రాస్తుంటారు. ఆంద్రెస్ బెయ్యో 1847లో చిలీలో అచ్చువేసిన వ్యాకరణంలోనే ఈ అలవాటును తప్పుపట్టాడు. ‘కె కోంతియెనె’ అని విడిగా చెప్పాలి. తెలుగులోనూ ‘తూ’ నామవాచకానికి విశేషణం కాలేదు, అక్కడ ‘తున్న’ కావాలి.

కానీ చిత్రాల పేర్లకు, ఫోటో కింది వ్యాఖ్యలకు పట్టు సడలించారు. బెలాస్కెత్ 1618లో, ఇరవయ్యేళ్ళయినా నిండకముందు, సెబీయ్యాలో వేసిన బొమ్మ ఉంది: బియేహా ఫ్రియెందో వేబోస్, గుడ్లు వేయిస్తున్న ముసలామె. ఇప్పుడు ఎడిన్‌బరోలో ఉంది. మట్టిపాత్రలో తెల్లసొన అప్పుడే గట్టిపడుతోంది, ఆమె చేతిలో ఇంకో గుడ్డు సిద్ధంగా ఉంది, పక్కన పుచ్చకాయ పట్టుకున్న కుర్రాడు. పని సగంలో ఉంది కాబట్టి ఆ బొమ్మకు హెరూందియో కన్నా తగిన క్రియారూపం దొరకదు. (గుంటూరు విద్యార్థి గమనించాలి: ఫ్రెయీర్ నుంచి ఫ్రియెందో. అచ్చు తర్వాత వచ్చినా దీనికి యకారం లేదు.)

ఇక గోయా 1820, 1823 సంవత్సరాల మధ్య తన ఇంటి గోడల మీద వేసిన నల్ల చిత్రాల్లో ఒకటి సతూర్నో దెబొరాందో ఆ సూ ఈహో, కొడుకును మింగుతున్న శని. ఆ గోడబొమ్మలను తర్వాత కాన్వాసు మీదికి ఎక్కించారు, నేడు మద్రీద్‌లోని ప్రాదో మ్యూజియంలో చూడవచ్చు. పేరు గోయా పెట్టింది కాదు, తర్వాతివాళ్ళు పెట్టింది. పెట్టినవాళ్ళు ఎవరైనా హెరూందియో ఎంచుకుని మంచి పని చేశారు. అక్కడ క్రియను ముగించి చెప్పి ఉంటే భయం సగం తగ్గేది.

మామూలు మాటల్లో రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి: ఆగ్వా ఇర్బియెందో, మరుగుతున్న నీళ్ళు, కాసా ఆర్దియెందో, మండుతున్న ఇల్లు.

ప్రశ్న: పరిశోధన పనిమీద ఈక్వడార్ రాజధాని కీతోలో కొన్నాళ్ళు ఉండాలి. అక్కడి హెరూందియో వేరుగా ఉంటుందని విన్నాను. నిజమేనా?
*ఒక పాఠకుడు, తిరుపతి*

జవాబు: నిజమే, మీకది సెలవులో సొంతూరికి వెళ్ళినట్టు ఉంటుంది.

కీతోలో నేను అద్దెకున్న ఇంటావిడ మొదటి రోజే ‘దామె సెర్రాందో లా పుయెర్తా’ అంది. దామె అంటే ‘నాకు ఇవ్వు’. మద్రీద్ స్పానిష్‌తో లెక్కకడితే ‘తలుపు మూస్తూ నాకు ఇవ్వు’ అని వస్తుంది, ఏమీ అర్థం కాదు. ఆమె అన్నది ‘కాస్త తలుపు వేసిపెట్టు’ అని. దామె త్రయెందో, తెచ్చిపెట్టు. దామె కోంప్రాందో, కొనిపెట్టు. ఆజ్ఞను మెత్తబరిచే మర్యాద ఇది. ఆ కొండ ప్రాంతపు స్థానిక భాష కిచువా ప్రభావం వల్ల స్పానిష్‌లోకి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. కిచువా కూడా తెలుగులాగే క్రియను వాక్యం చివర పెట్టి, ప్రత్యయాలను వరసగా అతికించే భాష. చుట్టరికం ఏమీ లేదు, పోలిక మాత్రమే.

ఇంకొకటి ఇంతకన్నా గమ్మత్తైనది. భోజనానికి పిలిస్తే కీతో మనిషి ‘బీనె కోమియెందో’ అనవచ్చు. బీనె అంటే వచ్చాను. ఇంతదాకా నేను చెప్పిన ప్రకారం ‘తింటూ వచ్చాను’ అని కదా అర్థం? అక్కడ మాత్రం ‘తిని వచ్చాను’. శత్రర్థకం వెళ్ళి క్త్వార్థకం కుర్చీలో కూర్చుంది. ముందు ఒక పని ముగించి తర్వాత ఇంకోటి చేశానని చెప్పడానికి అదే రూపాన్ని వాడుకుంటున్నారు.

విని ఆనందించండి, ఇరుగుపొరుగుతో ధైర్యంగా వాడండి కూడా. సంకోచించకుండా దామె అంటే వాళ్ళ ముఖాలు విప్పారతాయి. పరిశోధన పత్రంలో మాత్రం రాయవద్దు. మద్రీద్‌లో ఎవరైనా భోజనానికి పిలిచినప్పుడు కూడా వాడవద్దు, మీరు దారి పొడవునా నమిలుకుంటూ వచ్చారని అనుకుంటారు. అక్కడ ‘యా ఏ కోమీదో’ అనండి, ఇప్పటికే తినేశాను అని.